ఆరు కస్ప్‌లకు ఒకే శాంకవం

సంకీర్ణ సంఖ్యల మీద నిర్వచించిన ఏ బీజీయ ఉపరితలాన్నైనా తలం మీద పొరలుగా పరచవచ్చు. తలంలో ఎక్కువ చోట్ల ఈ పొరలు విడివిడిగా ఉంటాయి. ఒకానొక వక్రం మీదికి వచ్చేసరికి రెండు పొరలు కలిసిపోతాయి. ఇలా పరచడాన్ని బ్రాంచ్‌డ్ కవరింగ్ అంటారు, పొరలు కలిసే ఆ వక్రాన్ని బ్రాంచ్ వక్రం అంటారు. ఉపరితలం సమీకరణం చేతిలో ఉంటే బ్రాంచ్ వక్రాన్ని లెక్క వేసి రాబట్టవచ్చు. ఎదురు ప్రశ్న అంత తేలిగ్గా లొంగదు. ముందు వక్రం గీసి, సరిగ్గా దాని మీదే పొరలు కలిసే ఉపరితలం ఏదైనా ఉందా అని అడిగితే, చాలా వక్రాలకు రెండు పొరలను మించి ఏదీ దొరకదు. మూడో పొర రావాలంటే ఆ వక్రానికి ఏదో ప్రత్యేకత ఉండి తీరాలి. అదేమిటో తెలుసుకోవడానికి ఒకే ఒక్క ఉదాహరణను దగ్గరగా చూస్తే చాలని నా నమ్మకం. ఆస్కార్ జారిస్కీ 1929లో ప్రచురించిన ఉదాహరణ అది.

సమీకరణాల కోసం కొన్ని అక్షరాలు అనుకుందాం. తలంలో ఒక బిందువు నిరూపకాలు క, చ. ఆ బిందువు మీద ఉపరితలం ఎత్తు త. మూడూ సంకీర్ణ సంఖ్యలే. అందువల్ల మనం తలం అంటున్నది నిజానికి నాలుగు కొలతల స్థలం, అందులో వక్రం రెండు కొలతలది. ఈ సంగతి మరిచిపోతే మున్ముందు ఏదీ అర్థం కాదు. కాగితం మీద గీసిన గీత కాగితాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఇక్కడి వక్రం తలాన్ని ముక్కలు చేయదు. దాన్ని తాకకుండా దాని చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే రావచ్చు. అలా ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి పొరలు తారుమారై ఉండవచ్చు. కవరింగ్ గుట్టంతా ఆ తారుమారులోనే ఉంది.

తలానికి ముందు సంకీర్ణ రేఖ సంగతి చూద్దాం. దాన్ని 1851 నాటి తన సిద్ధాంత వ్యాసంతో మొదలుపెట్టి రీమాన్ తేల్చాడు. రేఖ మీద కొన్ని బిందువులు పెట్టుకోండి. ఒక్కో బిందువు చుట్టూ తిరిగితే పొరలు ఎలా మారాలో ఒక్కో ప్రస్తారం రాసుకోండి. ప్రస్తారాలన్నిటినీ వరసగా చేస్తే పొరలు మొదటి స్థితికి రావాలి. షరతు అదొక్కటే. అది తీరితే అలాంటి కవరింగ్ ఉంటుంది, దానికి బహుపది సమీకరణమూ ఉంటుంది. బిందువులు ఎక్కడున్నాయన్నది లెక్కలోకే రాదు. వాటిని అటూ ఇటూ జరిపితే కవరింగ్ కూడా వాటితో పాటే జరుగుతుంది.

తలంలో ఆ స్వేచ్ఛ లేదు. రెండు పొరలకైతే ఇబ్బంది లేదు. సరి సంఖ్య డిగ్రీ ఉన్న ఏ వక్రాన్ని తీసుకున్నా, దాని సమీకరణానికి వర్గమూలం తీస్తే రెండు పొరల ఉపరితలం వచ్చేస్తుంది. నాలుగో డిగ్రీ నునుపు వక్రం మీద కడితే, ఆ వక్రాన్ని రెండేసి చోట్ల తాకే 28 స్పర్శరేఖలు పై పొరల్లో రెండేసిగా విడిపోయి 56 వక్రాలవుతాయి. ఆరో డిగ్రీ నునుపు వక్రం మీద కడితే కె3 అనే ప్రసిద్ధ రకం ఉపరితలం వస్తుంది. రెండూ అందమైనవే, కానీ మన ప్రశ్నకు అవి జవాబు చెప్పవు. కథ మొదలయ్యేది మూడో పొరతోనే.

మూడు పొరలకు సహజమైన ఉదాహరణ ఘన ఉపరితలం, అంటే మూడు కొలతల స్థలంలో మూడో డిగ్రీ సమీకరణంతో వచ్చేది. దాని మీద లేని ఒక బిందువు నుంచి తలం మీదికి ప్రక్షేపిస్తే, తలంలో ఒక్కో బిందువు మీద ఉపరితలం మూడు చోట్ల నిలుస్తుంది. నిరూపకాలను కాస్త సర్ది వర్గ పదాన్ని తీసేస్తే సమీకరణం ఇలా ఉంటుంది:

త³ + ప·త + మ = 0

ఇందులో ప అనేది క, చ లలో రెండో డిగ్రీ బహుపది, మ అనేది మూడో డిగ్రీ బహుపది. మూడు మూలాల్లో రెండు సమానమయ్యేది విచక్షణి సున్నా అయినప్పుడు, అంటే 4ప³ + 27మ² = 0 అయిన చోట. ఇదే బ్రాంచ్ వక్రం, దీని డిగ్రీ 6. ఇప్పుడు ప = 0 అనే శాంకవాన్నీ మ = 0 అనే ఘన వక్రాన్నీ చూడండి. అవి 2 × 3 = 6 బిందువుల్లో కలుస్తాయి. ఆ ఆరు చోట్లా సమీకరణం త³ = 0 అయిపోతుంది కనుక మూడు పొరలూ ఒక్కటవుతాయి. సరిగ్గా అక్కడే బ్రాంచ్ వక్రం ముల్లు మొనలా కోసుగా మారుతుంది. దాన్ని కస్ప్ అంటారు. ఆరు కస్ప్‌లూ ప = 0 అనే ఒకే శాంకవం మీద ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. ఐదు బిందువుల గుండా ఎప్పుడూ ఒక శాంకవం గీయవచ్చు. ఆరోది కూడా దాని మీదే పడడం మామూలుగా జరిగేది కాదు.

ఒక కస్ప్ దగ్గర ఏం జరుగుతుందో చేత్తో లెక్క వేసి చూద్దాం. అక్కడ ప, మ లనే నిరూపకాలుగా తీసుకుంటే సమీకరణం త³ + క·త + చ = 0 అవుతుంది. క = −3 అనే రేఖ మీద నిలబడి చ ని మారుద్దాం. చ = 0 అయితే మూలాలు −√3, 0, √3. వాటిని ఎడమ, నడుమ, కుడి పొరలు అనుకోండి. చ ని 2 వైపు తీసుకెళ్తే నడుమ పొర, కుడి పొర ఒకదానికొకటి దగ్గరవుతూ త = 1 దగ్గర కలిసిపోతాయి. త³ − 3త + 2 అంటే (త − 1)²(త + 2) కదా. చ ని −2 వైపు తీసుకెళ్తే ఎడమ, నడుమ పొరలు త = −1 దగ్గర కలుస్తాయి. అంటే ఈ రేఖ బ్రాంచ్ వక్రాన్ని కస్ప్ దగ్గర రెండు బిందువుల్లో కోస్తోంది. చ = 2 చుట్టూ తిరిగే లూపును గ అందాం, అది నడుమ, కుడి పొరలను తారుమారు చేస్తుంది. చ = −2 చుట్టూ తిరిగే లూపును ద అందాం, అది ఎడమ, నడుమ పొరలను మారుస్తుంది. రెండిటికీ నడుమ పొర ఉమ్మడి.

ఇక రేఖనే కదిలిద్దాం. క ని సున్నా చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పండి. బ్రాంచ్ బిందువులకు చ² = −4క³/27 కనుక, క ఒక చుట్టు తిరిగేసరికి ఆ రెండు బిందువులూ ఒకదాని చుట్టూ ఒకటి ఒకటిన్నర చుట్లు, అంటే మూడు అర్ధచుట్లు తిరుగుతాయి. రేఖ బయల్దేరిన చోటికే వచ్చింది కాబట్టి, ఈ తిప్పుడుకు ముందూ తర్వాతా లూపులు ఒకటే కావాలి. దాంతో గదగ = దగద అనే నియమం పుడుతుంది. గదగ అంటే గ, ద, మళ్లీ గ లూపులను వరసగా తిరగడం.

నునుపు బిందువు దగ్గర రేఖ వక్రాన్ని కేవలం తాకితే ఒక్క అర్ధచుట్టే వస్తుంది, నియమం గ = ద. వక్రం తనను తాను దాటుకునే చోట, అంటే నోడ్ దగ్గర, రెండు అర్ధచుట్లు వస్తాయి, నియమం గద = దగ. కస్ప్ దగ్గర మూడు. సాధారణ ప్రక్షేపంలో బ్రాంచ్ వక్రానికి నోడ్‌లూ కస్ప్‌లూ తప్ప వేరే వికారాలు ఉండవు కనుక ఈ మూడు నియమాలతోనే మొత్తం పని జరుగుతుంది. పొరల వైపు నుంచి చూస్తే, నోడ్ దగ్గర సంబంధం లేని రెండు జతల పొరలు వేర్వేరుగా కలుస్తాయి. కస్ప్ దగ్గర మూడు పొరలు ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. ఈ నియమాలన్నిటినీ పాటించేలా లూపులకు ప్రస్తారాలు ఇవ్వగలిగితేనే ఉపరితలం ఉంటుందని ఇటలీకి చెందిన ఫెడెరీగో ఎన్రీకెస్ 1920ల్లో చెప్పాడు.

వక్రం వెలుపల ఉన్న లూపులన్నీ, వాటి మధ్య నియమాలన్నీ కలిసి ఒక సమూహం అవుతాయి. దానికి ఫండమెంటల్ గ్రూప్ అని పేరు. ఈ సమూహంలో గుణించే వరస మార్చినా ఫలితం ఒకటే అయితే మూడో పొరకు ఆశ లేదు. ఎందుకో చూడండి. వక్రం ఒకే ముక్కగా ఉంటే, దాని మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతూ ఏ లూపునైనా మరో లూపుగా మార్చవచ్చు. వరసతో పని లేని సమూహంలో అలాంటి లూపులన్నీ అచ్చంగా ఒకటే అయిపోతాయి. అప్పుడు అన్ని చోట్లా తారుమారయ్యేది ఒకే జత. మూడో పొర మిగతావాటితో ఎక్కడా కలవక విడిగా పడిపోతుంది. నోడ్‌లు మాత్రమే ఉన్న వక్రానికి జరిగేది ఇదే. జారిస్కీ ఈ ఫలితాన్ని ఇటలీ గణితవేత్త సెవేరి చెప్పిన మాట ఆధారంగా చూపాడు, ఆ ఆధారంలోనే లోపం ఉందని తర్వాత తేలింది. 1980 ప్రాంతంలో విలియం ఫుల్టన్, పియెర్ దెలీన్యు మరో దారిలో దాన్ని పూర్తిగా నిరూపించారు. కాబట్టి మూడో పొర కావాలంటే వక్రానికి కస్ప్‌లు ఉండి తీరాలి.

మరి కస్ప్‌లు ఉంటే సరిపోతుందా? సరిపోదని చూపించింది 1929 నాటి వ్యాసమే. జారిస్కీ ఇప్పటి బెలారూస్‌లోని కోబ్రిన్‌లో 1899లో పుట్టాడు. కీవ్‌లో చదివి, రోమ్‌లో కాస్టెల్‌నువోవో, ఎన్రీకెస్, సెవేరిల దగ్గర జ్యామితి నేర్చుకుని, 1927లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఘన ఉపరితలం నుంచి వచ్చిన ఆరు కస్ప్‌ల వక్రానికి ఆయన ఫండమెంటల్ గ్రూప్ కట్టాడు. అందులో గ, ద అనే రెండు లూపులే మిగులుతాయి. ఒక నియమం గదగ = దగద. తలంలో అనంత దూరపు బిందువులు కూడా ఉన్నాయి కనుక రెండో నియమం (గద)³ = 1. ఏ రేఖ అయినా వక్రాన్ని ఆరు చోట్ల కోస్తుంది, ఆ ఆరు లూపులనూ వరసగా తిరిగితే ఏమీ తిరగనట్టే అని ఈ రెండో నియమానికి అర్థం. గదగ ని ఒకటిగా, గద ని ఇంకొకటిగా చూస్తే, మొదటిదాని వర్గం 1, రెండోదాని ఘనం 1, ఆ పైన వాటి మధ్య ఏ సంబంధమూ లేదు. ఇది అనంతమైన సమూహం, వరస మారితే ఫలితమూ మారుతుంది. మూడు పొరలకు ఇందులో కావలసినంత చోటుంది.

ఆ తర్వాత జారిస్కీ చెప్పిన మాటే నన్ను ఇప్పటికీ నిలబెట్టేస్తుంది. అదే ఆరో డిగ్రీ, అవే ఆరు కస్ప్‌లు. కానీ ఆ ఆరూ ఒక శాంకవం మీద లేకపోతే సమూహం వరసతో పని లేని, ఆరు మూలకాల చక్రీయ సమూహంగా కుదించుకుపోతుంది. మూడు పొరల కవరింగ్ అసాధ్యమవుతుంది. ఏ ఒక్క కస్ప్ దగ్గర నిలబడి చూసినా ఈ రెండు వక్రాలకూ తేడా కనిపించదు. డిగ్రీ ఒకటే, కస్ప్‌ల లెక్క ఒకటే, రంధ్రాల లెక్క అయిన జీనస్ కూడా రెండిటికీ 4. అయినా కస్ప్‌లను చెడనీయకుండా ఒక వక్రాన్ని మెల్లగా కదిలిస్తూ రెండోదానిగా మార్చడం కుదరదు. తేడా అంతా కస్ప్‌లు ఒకదానికొకటి దూరంగా ఉంటూనే పంచుకునే ఆ శాంకవంలో ఉంది. బిందువుల స్థానంతో నిమిత్తం లేదన్న రేఖ నాటి సౌఖ్యం తలంలో చెల్లదనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు తెలియదు. ఇలాంటి వక్రాల జంటలను జారిస్కీ జంటలు అంటున్నారు. 1994లో ఎన్రీకే ఆర్తాల్ బార్తోలో రాసిన వ్యాసం తర్వాత ఈ పేరు స్థిరపడింది. ఈ సమూహాల లెక్కను గట్టిగా నిలబెట్టే పనిలోనే జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎగ్బర్ట్ వాన్ కాంపెన్ 1933లో ఒక సిద్ధాంతం రాశాడు. టోపాలజీ చదివే ప్రతి విద్యార్థీ నేర్చుకునే వాన్ కాంపెన్ సిద్ధాంతానికి పుట్టుక ఈ వక్రాల దగ్గరే.

ఆరు అనే సంఖ్య ఇక్కడ కాకతాళీయం కాదని తేల్చిన ఫలితం మన దేశపు గణితవేత్తది. 1983లో మాధవ్ నోరి వక్రం డిగ్రీ వర్గాన్ని ఒక పక్కన, కస్ప్‌ల సంఖ్యకు ఆరు రెట్లు, నోడ్‌ల సంఖ్యకు రెండు రెట్లు కలిపి ఇంకో పక్కన పెట్టాడు. మొదటిది పెద్దదైతే ఫండమెంటల్ గ్రూప్‌లో వరసతో పని ఉండదని నిరూపించాడు. ఆరో డిగ్రీ వక్రానికి ఐదు కస్ప్‌లే ఉంటే 36 ఒక పక్క, 30 ఇంకో పక్క. సమూహం చక్రీయం, మూడో పొర లేదు. ఆరు కస్ప్‌లుంటే 36 ఇటు, 36 అటు. నోరి షరతు సరిగ్గా తెగిపోయే గీత మీదే జారిస్కీ వక్రం కూర్చుని ఉంది. ఆ గీత మీద శాంకవం ఉండడం, లేకపోవడం ఫలితాన్ని నిర్ణయిస్తోంది. డిగ్రీ 4 దగ్గర ఇలాగే చూస్తే, మూడు కస్ప్‌ల వక్రానికి 16 కంటే 18 పెద్దది. నిజంగానే దాని సమూహంలో వరస లెక్కకు వస్తుంది, అందులో 12 మూలకాలుంటాయి, మూడు పొరల కవరింగ్ కూడా ఉంది.

మూడు కొలతల స్థలంలో ఎక్కువ డిగ్రీ ఉపరితలాలకు వెళ్తే సంఖ్యలు త్వరగా పెరుగుతాయి. నాలుగో డిగ్రీ నునుపు ఉపరితలానికి బ్రాంచ్ వక్రం 12వ డిగ్రీది, దానికి 24 కస్ప్‌లు, 12 నోడ్‌లు. ఈ బిందువులు ఎలాంటి వక్రాల మీద పడాలో 1930లో బెనియామీనో సెగ్రే చెప్పాడు. ఘన ఉపరితలపు శాంకవం ఆయన షరతులో మొదటి మెట్టు. 1981లో బోరిస్ మొయిషెజోన్ అనంత రేఖను పక్కన పెట్టి ఈ వక్రాల సమూహాలన్నిటినీ ఒకేసారి లెక్క తేల్చాడు. ఉపరితలం డిగ్రీ ఎంతో అంత సంఖ్యలో పాయలున్న జడలను అల్లే విధానాలన్నీ కలిసిన బ్రెయిడ్ గ్రూపే ఆ సమూహం. పాయలు పొరలే. డిగ్రీ 3 అయితే మూడు పాయల జడ. గదగ = దగద అన్నది దాని అల్లికే.

ఇప్పటిదాకా ఉపరితలం ఉందా అని అడిగాం. ఉంటే అది ఒక్కటేనా? ఆస్కార్ కిసీని 1944లో చెప్పిన ఊహ ప్రకారం పొరలు ఐదు లేక అంతకంటే ఎక్కువైతే బ్రాంచ్ వక్రం ఒక్కటే కవరింగ్‌ను నిర్ణయిస్తుంది. ఐదు అనే హద్దు ఎందుకంటే దాని కింద ఒక ప్రసిద్ధమైన మినహాయింపు ఉంది.

ఒక నునుపు ఘన వక్రం తీసుకోండి. ఒక్కో రేఖను ఒక్కో బిందువుగా చూస్తే తలంలోని రేఖలన్నీ కలిసి మరో తలం అవుతాయి. అందులో మన వక్రపు స్పర్శరేఖలు ఒక వక్రం గీస్తాయి. దాని డిగ్రీ 6. మొదటి వక్రానికి తొమ్మిది ఇన్‌ఫ్లెక్షన్ బిందువులు, అంటే స్పర్శరేఖ మూడు రెట్లు తాకే చోట్లు, ఉంటాయి కనుక దీనికి తొమ్మిది కస్ప్‌లుంటాయి. ఒక రేఖ ఘన వక్రాన్ని రెండు చోట్ల తాకలేదు కనుక నోడ్‌లు ఉండవు. ఇప్పుడు ఒక రేఖనూ, ఘన వక్రాన్ని ఆ రేఖ కోసే మూడు బిందువుల్లో ఒకదాన్నీ జతగా తీసుకుంటే మూడు పొరల కవరింగ్ వచ్చేసింది. రేఖ స్పర్శరేఖ అయినప్పుడే రెండు పొరలు కలుస్తాయి. రెండో దారి ఇది. ఏదైనా ఘన బహుపదికి మూడు పాక్షిక అవకలనాలు తీస్తే మూడు వర్గ బహుపదులు వస్తాయి. అవి తలాన్ని రేఖల తలం మీదికి నాలుగు పొరలుగా పంపుతాయి. బహుపది రెండో అవకలనాల నిర్ధారకం సున్నా అయ్యే వక్రాన్ని దాని హెస్సియన్ అంటారు. అది మన ఘన వక్రమే అయితే, ఆ నాలుగు పొరల బ్రాంచ్ వక్రం కూడా అచ్చంగా అదే తొమ్మిది కస్ప్‌ల వక్రం. ఒక సాధారణ ఘన వక్రం మూడు వేర్వేరు ఘన వక్రాలకు హెస్సియన్ అవుతుంది. దాంతో నాలుగు పొరల కవరింగ్‌లు మూడు. ఒకే వక్రం మీద మొత్తం నాలుగు కవరింగ్‌లు నిలిచాయి, పైగా పొరల సంఖ్య కూడా ఒకటి కాదు. పందొమ్మిదో శతాబ్దపు హెస్సియన్ లెక్క ఇక్కడ వచ్చి ఇలా అతకడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

కిసీని ఊహను మాస్కోలో విక్టర్ కులికోవ్ చాలా దూరం తీసుకెళ్లాడు. 1999లో ఆయన చూపిన దారిని బిగించి, పొరలు 12 లేక అంతకు మించితే ఊహ నిజమని నెమిరోవ్‌స్కీ చూపాడు. సాధారణ రేఖీయ ప్రక్షేపాలకు ఊహ నిజమని, తలాన్ని వర్గ బహుపదులన్నిటితో ఐదు కొలతల స్థలంలోకి పంపితే వచ్చే వెరోనీస్ ఉపరితలం ఒక్కటే మినహాయింపని 2008లో కులికోవ్ నిరూపించాడు. ఆ వెరోనీస్ ఉపరితలపు ప్రక్షేపాలే మనం చూసిన నాలుగు పొరల కవరింగ్‌లు.

కిసీనిదే ఇంకో మాట ఉంది. అర్ధచుట్ల నియమాలన్నీ కాగితం మీద సరిపోతే చాలు, వాటి వెనక నిజమైన బీజీయ వక్రం ఉంటుందన్నాడు. రీమాన్ రేఖ మీద చూపించిన దానికి ఇది తలంలో ప్రతిరూపం. అది నిజమై ఉంటే ఎంతో బాగుండేది, కానీ నిలవలేదు. 1994లో మొయిషెజోన్ 54వ డిగ్రీలో, 378 కస్ప్‌లు, 756 నోడ్‌లు ఉండేలా, నియమాలన్నీ పాటించే అల్లికలను కట్టాడు. అవి ఒకదానికొకటి సమానం కాకుండా అనంతంగా ఉన్నాయి. ఆ డిగ్రీలో, ఆ సంఖ్యల్లో బీజీయ వక్రాల రకాలు పరిమితమే. కాబట్టి ఆ అల్లికల్లో కొన్నింటిని మినహాయిస్తే మిగిలిన వేటి వెనకా బహుపది సమీకరణం లేదు.